తత్వశాస్త్రం మొదలుపెట్టాలంటే ముందు ఏం చదవాలి?

"తత్వశాస్త్రం చదవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అని ఎవరినైనా అడిగి చూడండి. ఒకరు ప్లేటో ‘రిపబ్లిక్’ అంటారు. ఇంకొకరు రాధాకృష్ణన్ గారి రెండు సంపుటాలూ తిరగెయ్యమంటారు. ఉపనిషత్తులు చదవకుండా మిగతావాటి జోలికి పోవద్దనేవాళ్లు ఉంటారు. కుర్రాళ్లయితే నీషే పేరు చెబుతారు. వీళ్లెవరూ మోసం చెయ్యడం లేదు. కాకపోతే చాలామంది చెప్పేది తమకు అన్నిటికంటే గొప్పగా తోచిన పుస్తకం. అది మొదట చదవదగ్గ పుస్తకమే అయి ఉండాలని లేదు.

మిగతా సబ్జెక్టుల్లో ఈ చిక్కు ఇంతగా ఉండదు. ఫిజిక్స్‌లో చేరిన పిల్లవాడికి న్యూటన్ 1687లో లాటిన్‌లో అచ్చువేసిన గ్రంథాన్ని ఎవరూ చేతిలో పెట్టరు. అందులోని సారం ఇవాళ్టి పాఠ్యపుస్తకాల్లోకి ఎప్పుడో వచ్చేసింది. తత్వశాస్త్రంలో అలా జరగలేదు. ప్లేటో అడిగిన ప్రశ్నలు ఇంకా తేలలేదు కాబట్టి ఆయన రాసింది పాతబడలేదు. ఇరవై నాలుగు వందల ఏళ్ల కిందటి సంభాషణనూ మొన్న మొన్న పత్రికలో వచ్చిన వ్యాసాన్నీ ఒకే క్లాసులో పక్కపక్కన పెట్టుకుని చదువుతారు. అందరూ ఒప్పుకున్న పాఠ్యపుస్తకం లేదు కాబట్టి, ఫలానాదానితో మొదలుపెట్టమనడంలోనే తత్వశాస్త్రం అంటే ఏమిటన్న ఒక అభిప్రాయం దాగి ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదట చదవాల్సింది ఒక తగువు. ఒక చిన్న రచన, దాన్ని సూటిగా కాదన్న మరొకరి మాట, రెండూ కలిపి వారంలో పూర్తయ్యేలా ఉండాలి. మొత్తం బుర్రలో పట్టాలి, చదివాక ఎవరి పక్షమో తేల్చుకోలేక కాస్త ఇబ్బంది పడాలి. 

మామూలుగా ఇచ్చే సలహా ఇది కాదు. చరిత్ర పుస్తకం చదవమంటారు. బెర్ట్రండ్ రస్సెల్ 1945లో వేసిన పాశ్చాత్య తత్వశాస్త్ర చరిత్ర, విల్ డ్యూరంట్ 1926 నాటి పుస్తకం, భారతీయ దర్శనాలకైతే 1923లోనూ 1927లోనూ వచ్చిన రాధాకృష్ణన్ సంపుటాలు, తెలుగులో నండూరి రామమోహనరావు గారి ‘విశ్వదర్శనం’. ఇవన్నీ చదివించే పుస్తకాలే. రస్సెల్ చరిత్రలో ఉన్న చురకల కోసమైనా చదవొచ్చు. అయితే వీటితో మొదలుపెట్టిన విద్యార్థికి ఒక వింత జ్ఞానం అబ్బుతుంది. థేలీస్ అంతా నీరే అన్నాడు, హెరాక్లిటస్ అంతా మారుతూ ఉంటుందన్నాడు, బర్క్‌లీ జడపదార్థం లేదన్నాడు అని గడగడా చెప్పేస్తాడు. ఎందుకన్నారో అడిగితే మాత్రం తడబడతాడు. మ్యాచ్ చూడకుండా స్కోరుకార్డు బట్టీపట్టినట్టు ఉంటుంది ఈ చదువు. బర్క్‌లీ మాట పిచ్చిమాటలా వినిపిస్తుంది, ఆయన్ని ఆ మాటదాకా తీసుకెళ్లిన మెట్లు మాత్రం ఒక్కొక్కటీ చూస్తే నమ్మశక్యంగానే ఉంటాయి. తత్వశాస్త్రం ఉన్నది ఆ మెట్లలో. ఐదారు వందల పేజీల్లో పాతికమందిని చుట్టబెట్టే పుస్తకానికి వాటిమీద నిలబడే తీరిక ఉండదు.

పైగా చరిత్ర పుస్తకాలు తటస్థంగా ఉంటాయనుకోవడం అమాయకత్వం. నీషే మీద రస్సెల్ రాసిన అధ్యాయం చదివితే ఆయనకు నీషే అంటే ఎంత చిరాకో తెలిసిపోతుంది. ఆ పుస్తకానికి మూలమైన ఉపన్యాసాలు యుద్ధకాలంలో అమెరికాలో ఇచ్చినవన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మన దగ్గరా ఇదే కథ. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు రాసిన ‘సర్వదర్శనసంగ్రహం’ చార్వాకంతో, అంటే దేవుణ్ణీ పరలోకాన్నీ ఒప్పుకోని భౌతికవాదంతో మొదలై, ఒక్కో దర్శనాన్నీ తర్వాతి దర్శనం చేత ఖండింపజేస్తూ పోయి, అద్వైతం దగ్గర ముగుస్తుంది. ఆ వరసే ఒక తీర్పు. చార్వాకుల గురించి ఇవాళ మనకు తెలిసిన దాంట్లో చాలా భాగం ఇలా వాళ్లను ఓడించడానికి రాసినవాళ్ల ద్వారా వచ్చిందే. ఈ సంగతి తెలిసి చదివేవాడికి ఆ గ్రంథం ఒక నిధి. తెలియకుండా మొదటి పుస్తకంగా చదివితే, దర్శనాలన్నీ ఆ వరసలోనే నిలబడి ఉన్నాయనుకుంటాడు.

రెండో రకం సలహా సమస్యల వారీగా రాసిన పరిచయ పుస్తకాలు. వీటిలో రస్సెల్ 1912లో రాసిన ‘ది ప్రాబ్లమ్స్ ఆఫ్ ఫిలాసఫీ’కి ఇప్పటికీ తిరుగులేదు. ఎదురుగా ఉన్న బల్లతో మొదలుపెడతాడు. ఈ పక్కనుంచి చూస్తే ఒక రంగు, ఆ పక్కనుంచి చూస్తే ఇంకో రంగు, మరి అసలు రంగేది? కాసేపటికి బల్ల ఉందా అన్నదాకా వస్తుంది వ్యవహారం. థామస్ నేగెల్ 1987లో వేసిన ‘వాట్ డజ్ ఇట్ ఆల్ మీన్?’ ఇంకా చిన్నది, వంద పేజీల లోపు సంగతి. తత్వవేత్తల పేర్ల గొడవ పెట్టుకోకుండా ప్రశ్నల్లోకి నేరుగా దించుతుంది. ఈ రెంటిలో ఒకటి కొనుక్కుంటే డబ్బు వృథా కాదు. ఒకే లోటు, రెంటిలోనూ వినిపించేది ఒక్క గొంతే. అభ్యంతరం చెప్పేదీ రచయితే, సమాధానం చెప్పేదీ రచయితే. పుస్తకం మూసేసరికి ఆయన చెప్పిందే సబబు అనిపిస్తుంది.

అందుకే మూల రచనల దగ్గరికే వెళ్లమంటాను, ఎంచుకుని వెళ్లమంటాను. ప్లేటో అనగానే ‘రిపబ్లిక్’ మీద పడాల్సిన పని లేదు. అది పది భాగాల గ్రంథం. మొదటిసారి చదివేవాళ్లు ఆదర్శ రాజ్యంలో పిల్లలకు ఏ సంగీతం నేర్పాలన్న చర్చ దగ్గరే అలసిపోతారు. ‘యూథిఫ్రో’ చూడండి, ఇరవై పేజీలు కూడా ఉండదు.

సోక్రటీస్ మీద కేసు పడింది. ఆ పని మీద న్యాయాధికారి వాకిలి దగ్గరికి వస్తే అక్కడ యూథిఫ్రో కనిపిస్తాడు. ఆయన కూడా కేసు పనిమీదే వచ్చాడు. ఎవరి మీద? సొంత తండ్రి మీద, హత్యానేరం కింద. వాళ్ల దగ్గర కూలికి పనిచేసే మనిషి తాగిన మైకంలో ఇంటి బానిసను చంపాడు. తండ్రి అతన్ని కాళ్లూ చేతులూ కట్టి గోతిలో పడేయించి, ఏం చెయ్యాలో పెద్దల్ని అడిగి రమ్మని ఏథెన్స్‌కు మనిషిని పంపాడు. కబురు వచ్చేలోపు ఆకలికీ చలికీ కూలివాడు చనిపోయాడు. ఇంట్లోవాళ్లంతా తండ్రి మీద కేసేమిట్రా అని తిడుతున్నారు. యూథిఫ్రో మాత్రం ఇదే దైవసమ్మతమైన పని, నాకు బాగా తెలుసు అంటాడు. అంత బాగా తెలిస్తే దైవసమ్మతం అంటే ఏమిటో నాక్కూడా చెప్పు బాబూ, నా కేసులో పనికొస్తుంది అంటాడు సోక్రటీస్.

నేను చేస్తున్నదే అదని ఒకసారి, దేవుళ్లకు ఇష్టమైనదని ఒకసారి, దేవుళ్లందరికీ ఇష్టమైనదని ఒకసారి చెబుతాడు యూథిఫ్రో. అప్పుడు వస్తుంది అసలు ప్రశ్న. దేవుళ్లు ఇష్టపడుతున్నారు కాబట్టి అది మంచిదైందా, మంచిది కాబట్టి దేవుళ్లు ఇష్టపడుతున్నారా? మొదటిది అంటే, దేవుళ్లకు రేపు దొంగతనం నచ్చితే దొంగతనం మంచిదైపోతుంది. రెండోది అంటే, మంచికి ఆధారం దేవుళ్లకు బయట ఇంకెక్కడో ఉందని ఒప్పుకోవాలి. దేవుడున్న ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న బతికే ఉంది. గ్రీకు పురాణాలేవీ తెలియని విద్యార్థి కూడా దీనికి జవాబు చెప్పాలని నోరు తెరుస్తాడు. యూథిఫ్రో చివరికి ఏదో పనుందని వెళ్లిపోతాడు. జవాబు దొరకదు. చదివినవాళ్లకు కాస్త ఒళ్లు మండుతుంది. ఆ మంట మంచిదే.

ఆధునికుల్లోకి వస్తే డెకార్ట్ ‘మెడిటేషన్స్’ చాలా సిలబస్‌లలో ఉంటుంది. 1641లో వచ్చిన ఈ పుస్తకంలో ఆరు అధ్యాయాలున్నాయి, మొదటిది చదవడానికి అరగంట చాలు. ఇది కల కాదని నాకెలా తెలుసు, మాయలమారి భూతం ఒకటి నన్ను అన్నిట్లోనూ మోసం చేస్తుంటే ఏం నమ్మాలి అని అడుగుతూ పోతాడు. ఈ పుస్తకంలో నాకు బాగా నచ్చే సంగతి వేరే ఉంది. అచ్చుకు ముందే రాతప్రతిని హాబ్స్, ఆర్నో, గసెండీ లాంటివాళ్లకు పంపించి, వాళ్ల అభ్యంతరాలనూ తన సమాధానాలనూ కలిపి అదే పుస్తకంలో వేశాడు. తగువు పుస్తకంతోపాటే కుట్టి ఉంది. సాధారణంగా క్లాసుల్లో ఆ భాగాన్ని వదిలేస్తారు, అదే బాధ.

దానికంటే మంచి తగువు రెండేళ్ల తర్వాత ఉత్తరంగా వచ్చింది. బొహీమియా రాకుమారి ఎలిజబెత్, వయసు పాతికేళ్లకు లోపు, 1643 మేలో డెకార్ట్‌కు రాసింది. ఆత్మకు ఆలోచించడమే లక్షణం, అది చోటు ఆక్రమించదు అంటున్నారు గదా, మరి అది శరీరాన్ని ఎలా కదిలిస్తుంది? తొయ్యాలంటే తాకాలి, తాకాలంటే చోటు ఉండాలి. డెకార్ట్ బరువును ఉదాహరణగా చూపించి ఏదో సర్దిచెప్పబోతాడు. ఆమె ఒప్పుకోదు. శరీరంలేని వస్తువు శరీరాన్ని కదిలిస్తుందని నమ్మడం కంటే ఆత్మకు కూడా శరీరముందని అనుకోవడమే నాకు తేలికంటుంది. రెండో మెడిటేషన్, ఆరో మెడిటేషన్, ఈ నాలుగు ఉత్తరాలు. మనసుకూ మెదడుకూ సంబంధమేమిటన్న ఇవాళ్టి చర్చలోకి దిగడానికి ఇంతకంటే దగ్గరి దారి నాకు కనబడలేదు.

ఇంకా చిన్నది కావాలంటే ఎడ్మండ్ గెటియర్ ఉన్నాడు. 1963లో మూడు పేజీల వ్యాసం రాశాడు. ఒక విషయం నిజమై, నువ్వు దాన్ని నమ్మి, నమ్మడానికి తగిన కారణం కూడా ఉంటే అది నీకు తెలిసినట్టేనా? సరిపోదని రెండు ఉదాహరణలతో చూపించాడు. ఆ రకం ఉదాహరణ మనకు కొత్తేం కాదు. దూరంగా కొండమీద దుమ్ము లేస్తే పొగ అనుకుని అక్కడ నిప్పుందని ఒకడు అనుకుంటాడు, నిజంగానే అక్కడ నిప్పుంటుంది. వాడికి తెలిసినట్టా, తెలియనట్టా? 12వ శతాబ్దపు శ్రీహర్షుడు ‘ఖండనఖండఖాద్యం’లో, మూసిన గుప్పిట్లో ఎన్ని గవ్వలున్నాయో ఊరికే చెప్పేస్తే అది సరిపోయిందనుకోండి, అది జ్ఞానమవుతుందా అని ఇలాంటి చిక్కే పెడతాడు. శ్రీహర్షుడి గ్రంథం మొదటి ఏడాది విద్యార్థికి కొరుకుడు పడదు. గెటియర్ మూడు పేజీలూ ఈ గవ్వల ఉదాహరణా పక్కపక్కన పెడితే మాత్రం ఒక గంట క్లాసు గడిచిందే తెలియదు.

నీతిశాస్త్రం కావాలనేవాళ్లకు పీటర్ సింగర్ 1972 వ్యాసం. ‘ఫామిన్, ఎఫ్లుయెన్స్ అండ్ మొరాలిటీ’ దాని పేరు. 1971 నవంబరులో, తూర్పు బెంగాల్‌నుంచి శరణార్థులు లక్షల్లో మన దేశంలోకి వచ్చి పడుతున్నప్పుడు రాశాడు. చెరువులో పసిబిడ్డ మునిగిపోతుంటే బట్టలు తడుస్తాయని ఆగం కదా, మరి దూరాన చనిపోతున్న బిడ్డ విషయంలో ఎందుకు ఆగుతున్నాం? ఒప్పుకుంటే మన జీతంలో చాలా భాగం ఇచ్చెయ్యాల్సి వస్తుంది. ఒప్పుకోకపోతే ఏ మెట్టు తప్పో చూపించాలి. ఈ వ్యాసం చదివి ఊరుకున్న విద్యార్థి ఉండడు. సగంమంది కోపంగా ఉంటారు.

చిన్నదైతే చాలు, సులువుగా ఉంటుందనుకోకండి. విట్‌గెన్‌స్టైన్ ‘ట్రాక్టాటస్’ చాలా పల్చటి పుస్తకం. వాక్యాలకు నంబర్లు కూడా వేసి ఉంటాయి, చూడగానే ముద్దొస్తుంది. తర్కశాస్త్రంలో ఫ్రేగె, రస్సెల్ ఏం చేశారో తెలియకపోతే అందులో పదో వాక్యం దగ్గరే ఆగిపోతారు. ఆగరు కూడా, అదే ప్రమాదం. కొటేషన్లు ఏరుకుని ముందుకు పోతారు. నీషే సంగతీ అంతే. ఆయన వాక్యం తగిలిన వెంటనే ఒప్పుకోబుద్ధేస్తుంది, ఎవరితో పోట్లాడుతున్నాడో తెలియకుండానే ఒప్పేసుకుంటాం. బ్రహ్మసూత్రాలు, నాగార్జునుడి మధ్యమక కారికలు కూడా అచ్చులో కొద్ది పేజీలే. అవి గురువు నోటి వివరణ పక్కన ఉంటుందన్న నమ్మకంతో కుదించినవి. కాంట్ అయితే ఇంకో రకం. 1781లో వేసిన మహాగ్రంథం ‘క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్’ ఎవరికీ అర్థం కావడం లేదని 1783లో ‘ప్రోలెగోమెనా’ అనే చిన్న పుస్తకం రాశాడు. ఇది నేర్చుకునేవాళ్లకు కాదు, ముందుముందు నేర్పబోయేవాళ్లకు అని మొదట్లోనే చెప్పేశాడు. అయినా దాన్ని ఫస్టియర్‌లో పెట్టే సిలబస్‌లు ఉన్నాయి.

మన సంప్రదాయంలో ప్రవేశ గ్రంథాలు లేవా అంటే, ఉన్నాయి, వాటి కోసమే ప్రకరణ గ్రంథాలనే ఒక తరగతి ఉంది. 17వ శతాబ్దపు అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’ అందులో బాగా పేరున్నది. కాశీకి వెళ్లొచ్చినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని సంస్కృతంలో నానుడే ఉంది. ఆయన తెలుగువాడని చెప్పుకుంటారు కాబట్టి మనకు కాస్త గర్వం కూడా. "బాలానాం సుఖబోధాయ", అంటే పిల్లలకు తేలిగ్గా అర్థం కావడానికి రాస్తున్నానని మొదటి శ్లోకంలోనే అంటాడు. ఆ ధైర్యంతో తెరిచిన ఇవాళ్టి డిగ్రీ విద్యార్థికి ద్రవ్యాలు తొమ్మిది, గుణాలు ఇరవై నాలుగు అంటూ లక్షణాల జాబితా ఎదురవుతుంది. ఈ బాలుడెవరో వ్యాఖ్యాతలు తేల్చి చెప్పారు: వ్యాకరణం, కావ్యం, కోశం (నిఘంటువు) చదివి, న్యాయశాస్త్రం ఒక్కటే చదవనివాడు. అంటే ఆ పుస్తకం సులువైనదే, ఆ మూడూ వచ్చినవాడికి.

అందుకే పాతకాలపు శాస్త్రగ్రంథాలు అధికారి (అంటే దాన్ని చదవడానికి తగినవాడు) ఎవరు, విషయమేమిటి, ప్రయోజనమేమిటి, వాటి మధ్య సంబంధమేమిటన్న నాలుగు ప్రశ్నలను మొదటే తేల్చుకునేవి. పుస్తకం సిఫార్సు చేసేముందు వీటిలో మొదటి ప్రశ్నను మనం అడగడం మానేశాం.

సంస్కృతం రాని, గురువు పక్కన లేని ఇవాళ్టి తెలుగు పాఠకుడికి భారతీయ చింతనలోకి ఏది దారి? నేనైతే మళ్లీ తగువులే చూపిస్తాను. బృహదారణ్యక ఉపనిషత్తులో గార్గి యాజ్ఞవల్క్యుణ్ణి ఇదంతా నీటిలో పడుగూ పేకా అల్లి ఉంటే నీరు దేనిలో అల్లి ఉంది అని అడుగుతుంది. గాలిలో అంటాడు. గాలి దేనిలో? అలా అడుగుతూ బ్రహ్మలోకాల దాకా తీసుకెళ్తే, ఇక అతిగా అడగకు గార్గీ, తల రాలిపోతుంది అంటాడు. అది సమాధానమా, నోరు మూయించడమా? క్లాసులో ఈ ఒక్క ప్రశ్న వేసి చూడండి. ఆమె తర్వాత మళ్లీ లేచి ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతుందన్నది కూడా మరచిపోకూడదు. బౌద్ధుల ‘మిళిందపన్హ’లో గ్రీకు రాజు మిళిందుడికీ నాగసేనుడికీ రథం మీద జరిగే సంవాదం ఇలాంటిదే. చక్రాలు రథమా, ఇరుసు రథమా, అన్నీ కలిస్తే రథమా, మరి నాగసేనుడంటే ఎవరు?

ఇక తెలుగులోనే దొరికే రచన, బతుకుతో నేరుగా ముడిపడ్డది కావాలంటే అంబేడ్కర్ ‘కుల నిర్మూలన’ ఉంది. 1936లో లాహోర్ సభ కోసం రాసిన ఉపన్యాసం అది. సభ రద్దయింది, ఆయన దాన్ని సొంతంగా అచ్చువేశాడు. గాంధీ తన పత్రికలో విమర్శ రాస్తే, దాన్నీ తన జవాబునూ కలిపి తర్వాతి ముద్రణలో చేర్చాడు. వాదం, అభ్యంతరం, సమాధానం ఒకే అట్టల మధ్య. దీన్ని రాజకీయమనో సామాజికశాస్త్రమనో పక్కనపెట్టి, తత్వశాస్త్రం సిలబస్‌లో చోటివ్వని విభాగాలు తమకు తామే నష్టం చేసుకుంటున్నాయి. శాస్త్రప్రమాణానికీ తర్కానికీ వైరం వస్తే దేన్ని నమ్మాలన్న పాత ప్రశ్న ఇందులో ఎంత పదునుగా ఉందో మరెక్కడా కనిపించదు.

తెలుగు మీడియంనుంచి వచ్చినవాళ్లకు ఇంకో టెన్షన్ ఇంగ్లీషు. విషయం కష్టమా, భాష కష్టమా అన్నది వాళ్లకే తేలదు. మూడు వందల పేజీల పుస్తకంతో అయితే ఈ రెండూ విడదీసుకోవడం కుదరదు. మూడు పేజీల వ్యాసమైతే నిఘంటువు పక్కన పెట్టుకుని రెండు రోజులు కూర్చోవచ్చు. పాత ఇంగ్లీషు బాధ కూడా తప్పించుకోవచ్చు. డెకార్ట్, హ్యూమ్, లాక్ లాంటివాళ్ల రచనలను జొనాథన్ బెన్నెట్ అనే ఆచార్యుడు విద్యార్థుల కోసం ఇవాళ్టి ఇంగ్లీషులోకి మార్చి ‘ఎర్లీ మోడర్న్ టెక్స్ట్స్’ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టాడు. పండితులు కొందరికి నచ్చదు, మొదటిసారి చదివేవాడికి మాత్రం ప్రాణం లేచొస్తుంది. ఇంటర్నెట్‌లో ఉన్న స్టాన్‌ఫర్డ్ తత్వశాస్త్ర విజ్ఞానసర్వస్వం కూడా ఉచితమే, అందులో వ్యాసాలు నిపుణులు రాసినవి. మూలం చదవకముందు దాన్ని తెరిస్తే బెంబేలెత్తిపోతారు, చదివాక తెరిస్తే అక్షరం అక్షరం పనికొస్తుంది.

సివిల్స్‌లో ఫిలాసఫీ ఆప్షనల్ తీసుకున్నవాళ్ల లెక్క వేరు. ప్లేటో నుంచి క్వైన్ దాకా, చార్వాకం నుంచి అరవిందుడి దాకా మొదటి పేపర్లోనే ఉంటుంది. వాళ్లకు చరిత్ర పుస్తకం తప్పదు. భారతీయ భాగానికి హిరియణ్ణ రాసిన పుస్తకం, లేదా 1939లో వచ్చిన చటర్జీ, దత్తల పుస్తకం చేతిలో ఉండాల్సిందే. వాళ్లకు కూడా నేను చెప్పేదొకటే, నోట్స్ మొదలుపెట్టేముందు రెండు వారాలు పక్కన పెట్టండి. ‘యూథిఫ్రో’, గెటియర్, ఎలిజబెత్ ఉత్తరాలు చదవండి. ఒక్కోదానికీ, వాదం ఏ మెట్లమీద నడుస్తోందో, మీరైతే ఏ మెట్టు దగ్గర ఆగుతారో తెల్లకాగితం మీద ఐదారు వాక్యాల్లో రాసుకోండి. ఇంకొకరు తోడు దొరికితే ఒకరు యూథిఫ్రో పక్షం పట్టండి, కష్టమైనా సరే. ఆ తర్వాత చరిత్ర పుస్తకంలో బర్క్‌లీ దగ్గరికొచ్చినప్పుడు, "జడపదార్థం లేదన్నాడు" అన్న వాక్యం కింద గీత గీసే బదులు పక్కన "ఎందుకు?" అని రాస్తారు. అప్పుడు వెళ్లి బర్క్‌లీ రాసిన మూడు సంభాషణల్లో మొదటిది తెచ్చుకోండి. అది కూడా ఇద్దరి మధ్య తగువే.